టెన్ నుంచి లెవెన్‌కి దిగిన కథ

ఇంజనీరు యాడమ్మా?

మా బంగారు గనుల ఊరు రాబర్ట్‌సన్‌పేటలో కొత్తగా కంప్యూటర్ సర్వీసు పెట్టుకునేవాళ్లు అప్పుడప్పుడు నన్ను చూడ్డానికి వస్తుంటారు. వచ్చినవాళ్లంతా అడిగేది ఒకటే, ఏ కోర్సు చేస్తే మంచిదని. ఏది చేసినా నష్టం లేదని చెబుతాను. చదివినదాంట్లో సగం నాలుగు రోజుల్లో పాతబడిపోతుంది. పాతబడనిది ఒక్కటుంది. ఎదుటి మనిషి ఒక మాటను ఏ అర్థంలో వాడుతున్నాడో పసిగట్టడం. అది ఏ కోర్సులోనూ చెప్పరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నా ఉద్యోగాన్ని గురించి గొప్పలు చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. మొదట బంగారుపేటలో ఒకరి షాపులో పనిచేశాను, తర్వాత నా షాపు నేనే పెట్టుకున్నాను. ఇళ్లకు పోయి కంప్యూటర్లు బాగుచేశాను. ఆ రోజుల్లో నేను బ్యాగు తగిలించుకుని గుమ్మంలో నిలబడితే ఇంటివాళ్లు నా భుజం మీదుగా వీధిలోకి చూసి, "ఇంజనీరు యాడమ్మా?" అనేవాళ్లు. వెనకాల వస్తున్నాడని చెప్పి లోపలికి పోయి పని మొదలుపెట్టేదాన్ని. పని అయ్యేసరికి వెనకాల వచ్చేవాడి సంగతి అందరూ మరిచిపోయేవాళ్లు. కాఫీ మాత్రం నాకే ఇచ్చేవాళ్లు.

పనుల్లోకెల్లా ఎక్కువ చేసింది కంప్యూటర్‌ను నడిపించే అసలు ప్రోగ్రాం వెర్షన్ మార్చడం. ఎక్స్‌పీ నుంచి సెవెన్, సెవెన్ నుంచి టెన్, చివర్లో టెన్ నుంచి లెవెన్. బయటివాళ్లకు ఇది బటన్ నొక్కి కూర్చునే పని. నిజానికి ఇది ఇల్లు మారడం లాంటిది. సామానంతా జాగ్రత్తగా వస్తుంది, కానీ ఉప్పు డబ్బా ఎక్కడుందో నెల రోజులు దొరకదు. ఆ నెల రోజులూ ఇంటివాళ్లు తిట్టుకునేది మనల్నే. ఓర్చుకోలేనివాళ్లు వేరే పని చూసుకోవడం మంచిది.

కుంకుమ సీజన్

మా జిల్లాలో ఈ పని చేసేవాళ్లకు ఒక సీజన్ ఉంది. ఆయుధపూజ అయిన మరుసటి వారం. పూజ రోజు లారీకి, కుట్టుమిషనుకు, మిక్సీకి ఎలా చేస్తారో సీపీయూకు కూడా అలాగే పసుపు పూసి, కుంకుమ పెట్టి, పూలు చుడతారు. భక్తి ఎక్కువైన ఇళ్లలో కుంకుమ లోపలి ఫ్యాను దాకా పోతుంది. ఒకసారి బజారులో ఒక బంగారం కొట్టాయన సీడీ పెట్టే ట్రే తెరిచి అందులో కర్పూరం వెలిగించాడు. హారతి తీసుకున్నాక ట్రే లోపలికి పోవడం లేదని ఫోన్ చేశాడు. ఎందుకు పోలేదో నేను వివరించబోతే, పూజలో ఏదో లోపం జరిగిందా అని అడిగాడు. లేదు, పూజ బాగా జరిగిందని చెప్పాను.

ఇలాంటి చోట నవ్వొచ్చు, కానీ వాళ్ల ముందు కాదు. ఆ కుంకుమను నేను చిన్న బ్రష్‌తో దులిపేదాన్ని గానీ ఎవరినీ పెట్టొద్దనలేదు. ముందు వైపు పెట్టండి, వెనక గాలి ఆడే చోట వద్దు అని మాత్రం చెప్పేదాన్ని. అందరూ విన్నారు. మాన్పించబోయిన నా తోటివాళ్లను మళ్లీ ఆ ఇళ్లకు పిలవలేదు.

శెట్టిగారి కుర్చీ

నా మొదటి యజమాని సుబ్బయ్యశెట్టిగారు. రేడియోలు బాగుచేస్తూ కంప్యూటర్లలోకి వచ్చిన మనిషి. నోరు మంచిది కాదు, చెయ్యి మంచిది. ఎవరింటికి పోయినా ముందు ఒక కుర్చీ అడిగి, ఆ ఇంట్లో కంప్యూటర్ వాడే మనిషి పక్కన వేసుకుని కూర్చునేవాడు. "రోజూ ఏం చేస్తావో చేసి చూపించప్పా" అనేవాడు. వాళ్లు చేస్తుంటే కదలకుండా చూసేవాడు. అదంతా అయ్యాకే పెట్టె మీద చెయ్యి వేసేవాడు. మొదట్లో నాకిది ఒట్టి కాలయాపన అనిపించేది.

ఆ అలవాటు ఎలా వచ్చిందో ఆయనే చెప్పాడు. బంగారుపేట బజారులో ఒక ధాన్యం వ్యాపారి కంప్యూటర్‌ను ఎక్స్‌పీ నుంచి సెవెన్‌కి మార్చాడట. తెర తళతళలాడింది, వ్యాపారి దండం పెట్టాడు, శెట్టిగారు ఇంటికొచ్చాడు. కొన్నాళ్లకు అటు పోతే ఆ వ్యాపారి కంప్యూటర్ ముందే కూర్చుని కార్బన్ కాగితం పెట్టుకుని చేత్తో బిల్లులు రాస్తున్నాడు. పాత బిల్లింగ్ ప్రోగ్రాం కొత్తదాంట్లో తెరుచుకోలేదు. ఎందుకు చెప్పలేదని శెట్టిగారు అడిగితే ఆయన, కొత్తదాంట్లో బిల్లులుండవేమో అనుకున్నానన్నాడట.

ఈ వృత్తిలో నేను నేర్చుకున్న పెద్ద సంగతి అదే. అరిచి గోల చేసే కస్టమర్‌తో ఏ చిక్కూ లేదు. నోరు మెదపకుండా సర్దుకుపోయేవాడితోనే చిక్కు. మనం వాళ్ల పని సగం పాడుచేసి వచ్చినా, కాలం ఇలా మారింది కాబోలని ఊరుకుంటారు. అందుకే ఆ కుర్చీ. నేను చివరి దాకా ఆ కుర్చీ వేసుకున్నాను.

శెట్టిగారి రెండో నియమం బ్యాకప్. ఉన్నదంతా వేరే డిస్కులోకి తీసిపెట్టుకోకుండా వెర్షన్ మార్చేవాణ్ణి ఆయన మనిషి కిందే లెక్కగట్టేవాడు కాదు. ఆయన వాడే మాటలు ఇక్కడ రాయలేను.

పదకొండో లెవెల్

ఇక అసలు సంగతికి వస్తాను. నేను షాపు మూసే ముందు చేసిన చివరి పనుల్లో ఇదొకటి.

ఛాంపియన్ రీఫ్స్ గని వైపు, గని కార్మికులకు కట్టిన లైన్ ఇళ్లలో మునివెంకటప్పన్న ఉంటాడు. వాళ్ల తాత చిత్తూరు పక్క పల్లె నుంచి గనిలో పనికి వచ్చినవాడు. మునివెంకటప్పన్న గని మూసేదాకా వైండింగ్ డ్రైవరు, అంటే మనుషుల్ని గనిలోకి దించి పైకి తెచ్చే ఇనుప బోనును, గనివాళ్ల మాటలో కేజీని, నడిపినవాడు. చాలామంది అనుకున్నట్లు ఆయన కేజీలో ఉండడు. పైన ఇంజిన్ రూములో హ్యాండిల్ పట్టుకుని కూర్చుంటాడు. కేజీ ఆయనకు కనపడదు, అందులో ఉన్న మనుషులూ కనపడరు. కింది నుంచి కొట్టే గంటలు విని నడపడమే.

ఆయన కూతురు సుగుణ బెంగళూరులో ఒక కంపెనీలో పనిచేస్తుంది. రోజూ తెల్లవారకముందే రైలుబండి పట్టుకుని పోయి, చీకటి పడ్డాక వచ్చేది. మా ఊళ్లో సగం మంది బతుకు అదే కదా. కాన్పుకు సెలవు పెట్టి పుట్టింటికి వచ్చింది. సెలవు ముగిసే ముందు ఆఫీసువాళ్లు ఒక మాట చెప్పారు. ఇంటి నుంచే పనిచేయవచ్చు, కానీ ఇంట్లో ఉన్న కంప్యూటర్ లెవెన్ వెర్షన్‌లో ఉండాలి, టెన్ పనికిరాదు. సోమవారం లోపల కాకపోతే అందరిలాగే ఆఫీసుకు రావాలి. ఆ మాట విని సుగుణ నాకు ఫోన్ చేసింది.

శనివారం పొద్దున పోయాను. కుర్చీ వేసుకుని సుగుణ పక్కన కూర్చున్నాను. ఆమె ఒడిలో బిడ్డను పెట్టుకుని ఒంటిచేత్తో టైపు చేస్తూ తన పనంతా చూపించింది. కంప్యూటర్ మరీ పాతది కాదు. మదర్‌బోర్డులో ఒక సెట్టింగు ఆఫ్‌లో ఉంటే ఆన్ చేశాను, లెవెన్‌కి అది చాలు. పెట్టె విప్పి చూస్తే లోపల సైనైడ్ దిబ్బల మన్ను, బంగారం తీశాక గని పక్కన పోసిన మన్ను, పేరుకుని ఉంది. గాలికాలం వచ్చిందంటే ఆ దిబ్బల మన్ను చేరని ఇల్లు మా ఊళ్లో లేదు. అదంతా దులిపి, బ్యాకప్ తీసిపెట్టుకున్నాను.

మునివెంకటప్పన్న తలుపు దగ్గర నిలబడి అన్నీ గమనిస్తున్నాడు. ఏం చేస్తావమ్మా అని అడిగితే, టెన్‌లో ఉంది, పైకి లెవెన్‌కి ఎక్కించాలి అన్నాను.

"పైకి పోతే నంబరు తగ్గాల గదమ్మా" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. తర్వాత వెలిగింది. గనిలో లెవెల్ నంబరు పెరిగేకొద్దీ లోతుకు పోతున్నట్లు. పదో లెవెల్ కన్నా పదకొండో లెవెల్ కింద ఉంటుంది. సరేలే అన్నా, దించుతున్నాను అనుకో అన్నాను. అప్పుడు ఆయన సమాధానపడ్డాడు. ఇంతకు ముందు ఏ లెవెల్లో ఉండేదని అడిగాడు. సెవెన్, తర్వాత ఎయిట్, తర్వాత టెన్ అని చెప్పాను.

"తొమ్మిది యాడ పాయ?"

ఎందుకో ఆ నంబరు వదిలేశారు, నాకూ సరిగ్గా తెలియదు అన్నాను. ఆయన తల ఊపి, అక్కడ ఏదో పెద్ద ప్రమాదం జరిగుంటుంది, అందుకే మూసేసుంటారు అన్నాడు. ఇన్నేళ్లలో ఆ ప్రశ్నకు ఇంతకన్నా బాగా జవాబు చెప్పినవాళ్లు నాకు దొరకలేదు.

ఒక గంట

లెవెన్ ఎక్కడం మొదలైంది. ఆయన మాటలో దిగడం. తెర మీద శాతాలు మెల్లగా పెరుగుతున్నాయి. అంతలో తమక ఊరి నుంచి ఒక కస్టమర్ ఫోన్ చేస్తే, సిగ్నల్ కోసం నేను వీధిలోకి పోయాను. లోపల బిడ్డ ఏడ్చింది. సుగుణ పాలివ్వడానికి పక్క గదిలోకి పోతూ, కాస్త చూస్తా ఉండు నాయనా అని తండ్రికి చెప్పింది.

వెర్షన్ మారేటప్పుడు కంప్యూటర్ తనంతట తాను ఆగి, మళ్లీ మొదలవుతుంది. అలా నాలుగైదు సార్లు జరుగుతుంది. మొదలైన ప్రతిసారీ లోపలున్న చిన్న స్పీకరు టంగుమని ఒక్కసారి మోగుతుంది. అంతా బాగుందని దాని అర్థం. మనం రోజూ వింటాం, పట్టించుకోం.

మునివెంకటప్పన్న పట్టించుకున్నాడు. తెర నల్లబడింది, ఒక గంట మోగింది. ఆయన లేచి గోడ మీద స్విచ్ ఆపేశాడు.

నేను ఫోన్ పెట్టి లోపలికి వచ్చేసరికి గది నిశ్శబ్దంగా ఉంది. ఆయన స్విచ్ మీద చెయ్యి పెట్టుకుని, పని సరిగ్గా చేసినవాడిలా నిటారుగా నిలబడి ఉన్నాడు. మళ్లీ ఆన్ చేశాను. రిపేరు చేస్తున్నానంది, కుదరలేదంది, మళ్లీ రిపేరు చేస్తున్నానంది. ఎంతసేపు చూసినా అదే పాట. టెన్‌లోనూ లేదు, లెవెన్‌లోనూ లేదు.

నాకు కోపం వచ్చింది, దాచుకోలేదు. ఎవరు ఆపమన్నారన్నా నిన్ను అన్నాను. ఆ మాటకు సుగుణ బిడ్డను ఎత్తుకుని బయటికి వచ్చింది. తెర చూసింది, తండ్రిని చూసింది. ఏమీ అనలేదు. అప్పుడు ఆయనకు తెలిసింది, జరిగింది చిన్న సంగతి కాదని.

"ఒక గంటంటే ఆపాల తల్లీ" అన్నాడు. "ఎందుకు కొట్టినారని అడిగేది ల్యా. కిందుండేవాళ్లు నాకు కనపడరు. ఎవురి కాలన్నా ఇరుక్కుందో, గేటు పడలేదో, నాకేం తెలుసు. ముందు ఆపాల. నా సర్వీసంతా ఆపినందుకు నన్ను ఒక్కరూ తిట్టలా. ఈ పొద్దు నా బిడ్డ తిట్టను గూడా తిట్టలా."

నా కోపం అక్కడికక్కడే దిగిపోయింది. ఆయన చేసింది తప్పని ఎలా అనను? అటువంటి చెయ్యి హ్యాండిల్ మీద ఉండబట్టే ఎంతమందో సాయంత్రానికి ఇళ్లకు చేరారు. మా యంత్రాల్లో ఆపితే చెడుతుంది, ఆయన యంత్రంలో ఆపకపోతే మనుషులు పోతారు. గంట మాత్రం రెండు చోట్లా ఒకటే.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు ఒక మాట. కస్టమర్ తెలివితక్కువ పని చేశాడని మీకు అనిపించినప్పుడల్లా, ఆ మనిషి ఇంతకు ముందు ఏ పని చేసేవాడో అడగండి. చాలాసార్లు అది తెలివితక్కువ పని కాదు. ఇంకో చోట తెలివైన పని, ఇక్కడికి వచ్చి పడింది.

లెవెన్‌ను మొదటి నుంచి వేయడానికి రేపు వస్తానని నేను బయల్దేరుతుంటే సుగుణ గుమ్మం దాకా వచ్చింది. తండ్రికి వినపడకుండా చెప్పింది.

"అక్కా, సోమారం లోపల కాకుంటే తెల్లారి బండికి పోవాల్సిందే. బిడ్డ లేచేలోపల పోతా, పండుకున్నాంక వస్తా. ఇంగ అది నన్ను యాడ గుర్తుపెట్టుకుంటాది?"

అవుతుందిలే అన్నాను. అయ్యేదీ లేనిదీ నాకు ఆ నిమిషాన తెలియదు. డిస్కు దెబ్బతినకుండా ఉంటే అవుతుంది. దెబ్బతిని ఉంటే ఆదివారం పూట కొత్త డిస్కు దొరకడానికి మాదేమీ బెంగళూరు కాదు.

చేతులు ఎక్కడ పెట్టుకోవాలి

ఆదివారం పొద్దున్నే పెన్‌డ్రైవ్‌లో లెవెన్ వేసుకుని పోయాను. మునివెంకటప్పన్న బయట వసారాలో కూర్చుని ఉన్నాడు. లోపలికి రా అన్నా అంటే, నేను రాను, ఆ పెట్టెకూ నాకూ పడదు అన్నాడు. రాత్రి అన్నం కూడా తినలేదని సుగుణ చెప్పింది. కూతురూ సరిగా మాట్లాడినట్లు లేదు.

డిస్కు పరీక్షించాను. బతికే ఉంది. ఆ క్షణం నాకెంత ఊరట కలిగిందంటే, లేచి పోయి సుగుణ బిడ్డను ముద్దాడాను. తర్వాత పాతదంతా తుడిచేసి మొదటి నుంచి మొదలుపెట్టాను. బ్యాకప్ నా దగ్గరుంది కాబట్టి పోయేది ఏమీ లేదు. శెట్టిగారు ఎక్కడున్నారో గానీ ఆయనకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

అప్పుడు వసారాలోకి పోయి మునివెంకటప్పన్నకు కోడ్ చెప్పాను. ఈ పెట్టెకు వేరే గంటలు అన్నా, ఒక గంటంటే బాగున్నాను అని అర్థం, ఒకటికి మించి కొడితేనే ఏదో తేడా, అప్పుడు కూడా ఆపకూడదు, నన్ను పిలవాలి. ఆయన రెండుసార్లు చెప్పించుకున్నాడు. అంతేనా అన్నాడు. అంతే అన్నాను. గని మారితే కోడ్ మారేది మామూలే, ముందే చెప్పుంటే పోయేది గదా అన్నాడు. లేచి వచ్చి కంప్యూటర్ ఎదురుగా నా కుర్చీలో కూర్చున్నాడు.

కూర్చుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. అదేమిటన్నా అంటే, తల వింటాది గానీ చేతులు వినవమ్మా అన్నాడు.

మొదటిసారి ఆగి మోగింది. ఆయన భుజాలు ఎగిరిపడ్డాయి. చేతులు మాత్రం బయటికి రాలేదు. రెండోసారి మోగినప్పుడు కళ్లు మూసుకున్నాడు. సుగుణ బిడ్డతో వచ్చి ఆయన వెనకాల నిలబడింది. మూడోసారి తెర నల్లబడగానే, గంట మోగకముందే తండ్రి భుజం మీద చెయ్యి వేసింది. "ఏమీ కాదు నాయనా" అంది. ముందు రోజు నుంచి ఆమె ఆయనతో అన్న మొదటి మాట అదేననుకుంటాను. బిడ్డకు మాత్రం ఆ శబ్దం బాగా నచ్చింది. మోగినప్పుడల్లా కిలకిలమని నవ్వింది.

నేను కాఫీ గ్లాసు పట్టుకుని ఇదంతా చూస్తూ కూర్చున్నాను. ఇన్నేళ్లలో ఒక ఇన్‌స్టాలేషన్‌ను ఇంత శ్రద్ధగా చూసిన మనిషిని నేనెరగను. మామూలుగా అందరూ టీవీ చూడ్డానికి పోతారు.

మధ్యాహ్నానికి లెవెన్ వచ్చేసింది. సుగుణ సామానంతా తిరిగి పెట్టాను. మళ్లీ కుర్చీ వేసుకుని, ఆమె రోజువారీ పనంతా మొదటి నుంచి చివరి దాకా చేయించి చూశాను. ఆఫీసు ప్రోగ్రాం తెరుచుకుంది, కానీ వాళ్ల అనుమతి వస్తేనే పని మొదలుపెట్టగలదు. వెర్షన్ కనపడేలా తెరను ఫోటో తీసి పై ఆఫీసరుకు పంపింది. జవాబు రాలేదు. ఆదివారం కదా, ఎక్కడున్నాడో ఏమో. సాయంత్రం దాకా చూశాం. నా పని అయిపోయింది, ఆమె పని కాలేదు. మా వృత్తిలో ఇది కూడా మామూలే. మనం బాగుచేయగలిగింది పెట్టెను మాత్రమే, దాని అవతలి మనుషుల్ని కాదు.

నేను వచ్చేటప్పటికి సుగుణ ఆఫీసు బ్యాగు తీసి దుమ్ము దులుపుతోంది. జవాబు రాకపోతే తెల్లారి బండికి సిద్ధంగా ఉండాలని. మునివెంకటప్పన్న ఆ బ్యాగు వైపు చూడకుండా బిడ్డను ఎత్తుకుని వీధిలోకి పోయాడు.

సోమవారం

ఇంకా వెలుగు రాలేదు, ఫోన్ మోగింది. సుగుణ పేరు కనపడింది. మళ్లీ ఎవరో స్విచ్ ఆపేశారనుకున్నాను, లేదా లెవెన్ రాత్రికి రాత్రి చతికిలపడిందనుకున్నాను. ఫోన్ ఎత్తి, ఏమైందమ్మా అన్నాను.

ఫోన్‌లో దూరంగా రైలు కూత వినపడింది, అది సన్నగిల్లి ఆగిపోయేదాకా సుగుణ ఆగింది. జవాబు వచ్చిందా అని అడిగాను. పడుకోబోయే ముందు వచ్చిందంట, సరేనన్నారంట. అయినా అలవాటుకొద్దీ మెలకువ వచ్చేసిందంట. తండ్రి కూడా లేచి కూర్చుని ఉన్నాడంట. మరి ఇంత పొద్దున్నే ఎందుకు చేశావే తల్లీ అన్నాను.

"ఏం ల్యా. ఎవురికన్నా చెప్పాలనిపిచ్చినాది" అంది. "బండి పాయ అక్కా. నేను పోలా."